నాన్న బండికి మొగుడి పేరు

ఆ ఆదివారం ఉదయం సిస్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళి క్లచ్ ప్లేట్లు కొనాలి. పదకొండింటికల్లా వాటిని బండికి బిగించాలి. ఒంటిగంటకు చేతుల గ్రీజు వదిలించుకుని, రెండింటికి ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కాలి. సంచీ పట్టుకోవడానికి భర్తను వెంటబెట్టుకు వెళ్ళింది. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

సిస్టరమ్మ పదిహేనేళ్ళుగా ఎముకల వార్డులో నర్సు. వాళ్ళ నాన్న లేతు మేస్త్రీ. ఆయనకొక పాత మోటారు సైకిలు ఉండేది. సెలవు రోజున ఆయన దాన్ని విప్పుకుని కూర్చుంటే, పక్కన చేరి స్పానర్లు అందించడం ఈ అమ్మాయి పని. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఏ నట్టుకు ఏ స్పానరో కళ్ళు మూసుకుని చెప్పేది. ఆయన పోయాక ఆ బండి తమ్ముడి ఇంటి వెనక రేకుల షెడ్డులో తొమ్మిదేళ్ళు పడి ఉంది. సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. ట్యాంకు నిండా తుప్పు. "అక్కా, పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తున్నా" అని తమ్ముడు ఫోను చేసిన గంటలో ఆమె ట్రాలీ ఆటో వేసుకుని వాడి గుమ్మంలో నిలబడింది.

ఎక్స్‌ట్రా డ్యూటీలు చేసి కూడబెట్టిన కాస్త డబ్బు తప్ప ఈ పనికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు. అందుకని తప్పనిసరైతే తప్ప కొత్తది కొనడమన్న మాటే ఎత్తలేదు. ట్యాంకులో కిరోసిను పోసి, గుప్పెడు నట్లు వేసి, చంటిపిల్లను ఆడించినట్టు మూడు సాయంత్రాలు ఒళ్ళో పెట్టుకుని ఊపి తుప్పు వదిలించింది. కార్బురేటరు సన్నని రంధ్రాల్లోకి సిరంజితో పెట్రోలు చిమ్మి కడిగింది. కార్కు షీటు మీద పెన్సిలుతో గీసుకుని, గ్యాస్కెట్లు తనే కత్తెరతో కత్తిరించుకుంది. విప్పిన ప్రతి ముక్కా తెల్లటి గుడ్డ పరిచిన ట్రేలో, ఆపరేషనుకు సిద్ధం చేసినట్టు వరసగా ఉండేది.

భర్త లైబ్రేరియను. ఇరవై రెండేళ్ళుగా 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద కూర్చుని కూర్చుని, ఎవరేమడిగినా తల ఊపడం తప్ప నోరు విప్పడం మానేసిన మనిషి. ఈ బండి గురించి ఆయనకు తెలిసిందల్లా, మెట్ల కింద చెప్పులు పెట్టుకునే చోటు పోయిందని మాత్రమే.

దుకాణంలో ఆమె అరిగిపోయిన పాత ప్లేటు తీసి బల్ల మీద పెట్టింది. "ఇదే కొలతలో నాలుగు కావాలండీ."

దుకాణదారు ప్లేటు అందుకుని, ఆమె తల మీదుగా ఆమె భర్తను చూశాడు. "పాత మోడలా సార్?"

ఆయన తల ఊపాడు.

"ఇంజను మీరే విప్పారా సార్?"

ఆయన ఏదో చెప్పబోయాడు గానీ, నోటికంటే ముందు తల ఊగిపోయింది.

"విప్పింది నేను" అంది సిస్టరమ్మ.

"మంచిదమ్మా, సార్‌కి చేతికింద సాయం చేస్తున్నారన్నమాట. మా ఆవిడైతే గ్రీజు వాసనకే ముక్కు మూసుకుంటుంది" అని మెచ్చుకుని, దుకాణదారు మళ్ళీ అటు తిరిగాడు. "సార్, కొత్త రకం ప్లేట్లు వచ్చాయి. కాస్త పెద్దవి. గట్టిగా పట్టుకుంటాయి. అవే ఇచ్చేయనా?"

తల ఊగింది. ఆమె చిల్లర లెక్క చూసుకునేలోపు పొట్లం కట్టడం కూడా అయిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే ప్లేట్లు పట్టలేదు. వెంటనే వెనక్కి పట్టుకెళితే దుకాణదారు చేతులు కట్టుకుని, "సార్ ఒప్పుకున్నాకే ఇచ్చానమ్మా. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం" అన్నాడు. ఇంకో నాలుగు కొనే స్తోమత లేదు. ఆ వారమంతా ఆమె డ్యూటీ నుంచి రాగానే ఆకురాయి పట్టుకుని, నాలుగు ప్లేట్ల అంచులూ ఒక్కో పన్ను చొప్పున అరగదీసింది. రాకిన ప్రతిసారీ భర్త పళ్ళు పులిసిపోయాయి.

"అసలెందుకు ఊపారండీ ఆ తల?"

"అంత ప్రేమగా అడుగుతుంటే కాదంటే ఏం బాగుంటుందని..."

"ఇది మా ఆవిడ బండి అని ఒక్క ముక్క అనడానికి ఏమైంది?"

"అందామనే చూశాను. ఆయన ఊపిరి తీసుకుంటేగా!"

తర్వాత వంతు పెయింటరుది. సిస్టరమ్మ ట్యాంకూ మడ్‌గార్డులూ అప్పగించి, నాన్న వేయించిన ముదురు ఎరుపు ఇంకా మిగిలి ఉన్న చిన్న రేకు ముక్క చూపించి, "సరిగ్గా ఇదే రంగు" అని రెండుసార్లు చెప్పింది. తన నంబరు ఇచ్చింది. అతగాడు దేనికైనా మంచిదని భర్త నంబరు కూడా అడిగి రాసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం లైబ్రరీకి ఫోను చేశాడు.

"సార్, మేడం ఎరుపన్నారు. నా మాట విని నలుపు వేయించండి, హుందాగా ఉంటుంది. వేసేయమంటారా?"

ఎదురుగా పేపరు చదువుతున్న ముసలాయన ఫోను మోతకు గుడ్లురిమి చూశాడు. లైబ్రేరియను కంగారుగా "ఊఁ" అని పెట్టేశాడు.

నల్లగా నిగనిగలాడుతున్న ట్యాంకును చూడగానే సిస్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇదేమిటి? మా నాన్న బండి ఎరుపు!"

"సార్‌ని అడిగే వేశానమ్మా."

"బండి సార్‌ది కాదు!"

"చూడండమ్మా," అన్నాడు పెయింటరు బ్రష్షు కడుక్కుంటూ, "మొగుడూ పెళ్ళాల గొడవలోకి నన్ను లాగకండి. నేను పనిచేసుకు బతికేవాణ్ణి."

మళ్ళీ రంగు వేయించడానికి డబ్బులేదు. ఆమె ఆ నల్ల ట్యాంకును ఇంటికి తెచ్చి, ఏడుపూ కోపమూ రెండూ కలిపి బిగించింది. నాలుగో నెల ఆఖరున, ఒక సాయంత్రం, డ్యూటీ బట్టల్లోనే కిక్కరు మీద కాలు పెట్టి ఒక్క తన్ను తన్నింది. బండి రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, నాన్న ఉన్నప్పటి చప్పుడే చేసింది. ఆమె చాలాసేపు దాని పక్కనే మెట్ల మీద కూర్చుంది. భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ పూట ఎవరూ ఏమీ అడగలేదు గనక, ఆయన తల ఊపే అవసరం రాలేదు.

అంతటితో అయిపోయేదే. కానీ దుకాణదారు పాత బండ్ల సంఘంలో సభ్యుడు. "ఫలానా లైబ్రేరియనుగారు మామూలు మనిషి కాదు, చిన్న ఖర్చుతో పాడుబడ్డ బండికి ప్రాణం పోశాడు" అని అతను సంఘమంతా చాటాడు. సంఘం కార్యదర్శికి గుబురు మీసాలూ, ఎదుటివాడి మాట పూర్తికాకుండానే అర్థం చేసుకునే అలవాటూ ఉన్నాయి. ఆయన స్వయంగా లైబ్రేరియనుకు ఫోను చేశాడు.

"వచ్చే ఆదివారం బడి మైదానంలో మా ప్రదర్శన. తక్కువ ఖర్చుతో సొంత చేతులతో బాగుచేసుకున్న బండికి కప్పు ఇస్తున్నాం. మీరు తప్పకుండా రావాలి."

"అది నేను కాదండీ, మా ఆవిడ..."

"ఆవిణ్ణి కూడా తీసుకురండి! ఆడవాళ్ళ కోసం నీడలో కుర్చీలు వేయిస్తున్నాం."

ఈ మాట విన్న సిస్టరమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. "కుర్చీలా? వెళదాం పదండి. అందరి ముందూ మీ నోటితోనే నిజం చెప్పాలి. అక్కడ గాని గంగిరెద్దులా తల ఊపారో..." ఆయన వారమంతా అద్దం ముందు నిలబడి "నేను కాదు, మా ఆవిడ" అని వల్లె వేశాడు.

ఆదివారం ఆమె బండి నడుపుతుంటే ఆయన వెనక కూర్చుని మైదానానికి వచ్చాడు. ఆ దృశ్యం చూశాకైనా జనానికి అర్థమవుతుందని ఆమె అనుకుంది. గేటు దగ్గర కార్యకర్త పరుగున వచ్చి, "పాపం, సార్‌కి నడుం నొప్పా?" అని ఆమెనే అడిగాడు. 'యజమాని' అన్న బ్యాడ్జీ ఆయన చొక్కాకు గుచ్చి, 'అతిథి' అన్నది ఆమె చేతిలో పెట్టాడు.

ముగ్గురు న్యాయనిర్ణేతలు బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశారు. వాళ్ళలో పెద్దాయన నలభై ఏళ్ళు షెడ్డు నడిపిన మెకానిక్కు. ఆయన మోకాళ్ళ మీద వంగి ఇంజను చూసి, "చేతిలో పనుంది" అన్నాడు. వెంటనే లైబ్రేరియను ఒకడుగు ముందుకేసి, గొంతెత్తాడు.

"అయ్యా! ఈ బండి బాగుచేసింది నేను కాదు, మా ఆవిడ! నాకిందులో ఓనమాలు కూడా తెలియవు!"

కార్యదర్శి కళ్ళు చెమ్మగిల్లాయి. "విన్నారా? ఇంత పని చేసి, పేరు మాత్రం ఇల్లాలికి ఇచ్చేస్తున్నాడు. ఇలాంటి మగాడు ఎంతమందిలో ఒకడుంటాడు చెప్పండి!" చప్పట్లు మోగిపోయాయి. దుకాణదారు అందరికంటే గట్టిగా కొట్టాడు.

"ఆయన వినయంతో అనడం లేదండీ, అది నిజం!" అంది సిస్టరమ్మ.

"నిజమే తల్లీ, మీ సహకారమే లేకపోతే ఆయనకిదంతా ఎలా కుదిరేది?"

ఈసారి ఉక్రోషం భర్తకు వచ్చింది. జీవితంలో మొదటిసారి కాదని చెబితే ఒక్కడూ నమ్మడేం? "నన్ను పరీక్షించండి! నాకేమీ రాదని మీకే తేలిపోతుంది" అన్నాడు.

పెద్దాయన ముచ్చటపడ్డాడు. "సరే. ఎండలో దూరం వెళ్ళారు. ఇంజను వేడెక్కి ఆగిపోయింది. ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను, నీడ చూసుకుని కాసేపు కూర్చుంటాను."

పెద్దాయన తొడ చరిచాడు. "నలభై ఏళ్ళుగా నా షెడ్డులో అందరికీ ఇదే నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను!"

రెండో ఆయన అడిగాడు. "కార్బురేటరు మొరాయిస్తే?"

"దాని జోలికే పోను."

"అదీ! పని తెలిసినవాడు దాన్ని ఊరికే కెలకడు."

"ఇంజనులో కొత్త చప్పుడేదైనా వినిపిస్తే?" అన్నాడు మూడో ఆయన.

"మా ఆవిణ్ణి పిలుస్తాను!"

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మూడో ఆయన కళ్ళు తుడుచుకుంటూ, పదికి పది వేశాడు.

లైబ్రేరియనుకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇక మాటలతో లాభం లేదనుకుని బండి దగ్గరికి నడిచాడు. "చూడండి! నాకిది స్టార్టు చేయడం కూడా చేతకాదు!"

ఆ బండికి హ్యాండిలు దగ్గర ఒక చిన్న లివరు ఉంది. దాన్ని నొక్కి, ఇంజనులో బిగిసిన గాలిని వదిలాకే కిక్కరు తన్నాలి. లేకపోతే కిక్కరు తిరిగి తంతుంది. సిస్టరమ్మ పరుగెత్తింది. "ఆగండి! ముందు ఆ లివరు..."

కార్యదర్శి చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వండి."

లైబ్రేరియను చెప్పుకాలితో, నాలుగు నెలల కసి అంతా కూడగట్టి తన్నాడు. కిక్కరు అంతకు రెండింతలు తన్నింది. ఆయన చెప్పు పందిరి మీదికి ఎగిరింది. ఆయన మాత్రం ఆడవాళ్ళ కోసం వేసిన ఖాళీ కుర్చీలన్నింటినీ ఒక్కడే పడగొట్టి, వాటి మధ్య వెల్లకిలా తేలాడు.

సిస్టరమ్మ వెళ్ళి కాలు పట్టి చూసింది. "బొటనవేలు చిట్లింది. కదపకండి" అని చెప్పి లేచింది. చీర కొంగు నడుముకు బిగించి బండి దగ్గరికి వచ్చింది. లివరు నొక్కింది, వదిలింది, ఒక్క తన్ను తన్నింది. ఇంజను అందుకుంది. ఆమె తల పక్కకు వంచి ఒక్క నిమిషం ఆ చప్పుడు విని, స్క్రూడ్రైవరుతో కార్బురేటరు మీది స్క్రూను పావు చుట్టు తిప్పింది. చప్పుడు నెమ్మదించి, నిలకడగా, గుండె కొట్టుకున్నట్టు సాగింది.

పెద్దాయన నెత్తి మీది టోపీ తీశాడు. "ఇదంతా నీ పనా అమ్మా? మరి ముందే చెప్పొచ్చుగా?"

"నాలుగు నెలల నుంచీ అదే చెబుతున్నానండీ!" అని సిస్టరమ్మ అరిచిన అరుపుకు ఇంజను చప్పుడు కూడా వినిపించలేదు.

దుకాణదారు జనంలో వెనక్కి వెనక్కి జరిగి మాయమయ్యాడు. కార్యదర్శి మీసం కిందికి దించుకుని, పడి ఉన్నాయన చొక్కా నుంచి 'యజమాని' బ్యాడ్జీ ఊడదీసి, రెండు చేతులతో ఆమెకు అందించాడు. కప్పు కూడా ఆమెకే ఇచ్చారు. ముగ్గురు న్యాయనిర్ణేతలూ వరసలో నిలబడి, తమ తమ బండ్ల జబ్బులు ఆమెకే చెప్పుకున్నారు. ఆమె అందరివీ ఓపిగ్గా విని, పెద్దాయనకు మాత్రం, "వచ్చే ఆదివారం తీసుకురండి, చూస్తాను" అంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె ముఖంలో మంట చల్లారింది.

భర్తను వెనక కూర్చోబెట్టుకుని తిన్నగా తన ఆసుపత్రికే పోనిచ్చింది. బండి నడపాలి గనక కప్పు ఆయన ఒళ్ళో పెట్టింది. డ్యూటీలో కొత్తగా చేరిన కుర్ర డాక్టరు ఉన్నాడు. ఆయన వేలిని చూసేముందే కప్పు మీది అక్షరాలు చదివేసి, ముఖం వెలిగించుకుని, రోగి చెయ్యి పట్టుకుని ఊపాడు. "కంగ్రాట్స్ సార్! పాత బండిని సొంత చేతులతో బాగుచేశారా? గ్రేట్!"

లైబ్రేరియనుకు నొప్పితో కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. నోరు పెగలలేదు. తల మాత్రం, దాని మానాన అది, నెమ్మదిగా కిందికీ పైకీ ఊగింది.

సిస్టరమ్మ పిండికట్టు సామాను తెచ్చుకుని, చేతులకు తొడుగులు వేసుకుంది. దెబ్బ తగిలింది బొటనవేలికైతే కట్టు తొడదాకా ఎందుకు వచ్చిందో ఆ డాక్టరుకు ఇప్పటికీ అంతుపట్టలేదు.