సీలు వేసిన రాకెట్టు

శుక్రవారం సీలమ్మ గారు సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయింది. కిటికీ తెరలు ఉతకాలన్నది ఆ పూట పథకం. అంతకుమించి ఆవిడ మనసులో ఏమీ లేదు పాపం.

సీలమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు. ఆవిడ బీమా కంపెనీలో క్లెయిముల ఇన్‌స్పెక్టరు. కాలిన కొట్టయినా, మునిగిన గోడౌనయినా ముందు అనుమానించి, తర్వాత టేపు అంటించి, దాని మీద సంతకం, తేదీ, టైము వేసి, ఆ తర్వాతే మనిషికి నమస్కారం పెట్టే రకం. ఇరవై ఏళ్లు అదే పని చేసి చేసి, ఇంట్లో పంచదార డబ్బాకి కూడా సీలు వేసే స్థితికి వచ్చింది. వీధిలో వాళ్లు ఆ పేరు ఊరికే పెట్టలేదు.

ముందుగది తెర తీస్తే కడ్డీ చేతికి జిగటగా తగిలింది. గోటితో గీకి వాసన చూసింది. జిగురు! కాగితమేదో చుట్టి లాగేసిన గుర్తులు కూడా ఉన్నాయి.

"ఏవండీ, తెర కడ్డీకి జిగురెలా అంటింది?"

కాఫీ తాగుతున్న భర్తకి పొలమారింది. "జిగురా? కడ్డీకా?" అన్నాడు.

ప్రశ్నకి ప్రశ్న జవాబుగా చెప్పినవాడు నిర్దోషిగా తేలడం ఆవిడ సర్వీసులో ఎన్నడూ లేదు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మహానుభావుడు గ్లాసు కింద పెట్టి, ఏదో మాటవరసకి అన్నట్టు అడిగాడు.

"అవునుగానీ, మన ఇంటి సామాన్ల పాలసీలో నిప్పంటుకోవడం కూడా ఉందా?"

సీలమ్మ గారు ఆ ప్రశ్నని తేదీ, టైముతో సహా మనసులో రాసేసుకుంది.

ఇక్కడ ఆయన సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆయన నీళ్ల శాఖలో నక్షాలు గీస్తాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన గీసిన గొట్టాలన్నీ మట్టిలో పూడ్చేసినవే. నేను గీసింది ఇదీ అని ఎవరికైనా వేలెత్తి చూపిద్దామంటే భూమ్మీద ఒక్కటి లేదు. ఆ దిగులుతోనే కాగితం రాకెట్ల క్లబ్బులో చేరాడు. నిజమైన రాకెట్టు కొలతలు తీసుకుని, సరిగ్గా అందులో వందో వంతు బొమ్మ తయారుచెయ్యాలి. అది ఎగరాలి, పైన మూతి ఊడి గొడుగు విచ్చుకోవాలి, చెక్కుచెదరకుండా దిగాలి. మూడుసార్లు తప్పితే క్లబ్బులోంచి పేరు కొట్టేస్తారు. ఆయన రెండుసార్లు తప్పాడు. మూడోది ఈ ఆదివారం, వీధి చివర మైదానంలో. ఇంట్లో చెబితే ఎందుకు, ఎప్పుడు, సాక్షులెవరు అని మూడొందల ప్రశ్నలు వస్తాయి కాబట్టి, ఎగిరాకే చెబుదామని నోరు కుట్టుకుని, తెర కడ్డీకి కాగితం చుట్టి దొంగచాటుగా గొట్టం చేసుకున్నాడు. క్లబ్బు దరఖాస్తులో నిప్పంటుకుంటే బాధ్యత మీదే అన్న వాక్యం చూసి బెదిరి, ఆ పాలసీ ప్రశ్న అడిగాడు.

ఆయన ఆఫీసుకి వెళ్లీ వెళ్లగానే సోదా మొదలైంది. క్యాలెండరులో ఆదివారం చుట్టూ ఎర్రసున్నా, పక్కన "ఏడింటికి" అని ఆయన చేతిరాత. బీరువా వెనక చెప్పుల పెట్టెలో బ్యాటరీ, బారెడు వైరు, ఒక స్విచ్చి, "నిప్పుకి దూరంగా ఉంచండి" అని రాసున్న బొటనవేలంత గుళికలు రెండు. దాని పక్కనే గుడ్డ సంచీలో తెల్లటి కాగితం గొట్టం, కొనకి కోసుగా ఒక మూతి. రెక్కలున్న అడుగుభాగం ఆయన ఆఫీసు సొరుగులో ఆరుతోందని ఆవిడకి ఎలా తెలుస్తుంది?

మూతి లాగి చూసింది. లోపల మడతపెట్టిన ప్లాస్టిక్ సంచీ, దారాలు, వాటి నిండా తెల్లటి పొడి. వేలికి అంటించుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తన పౌడరే! గొడుగు మడతలు అతుక్కోకుండా ఆయన చల్లిన పౌడరది. ఆవిడకి మాత్రం వేరేగా తోచింది.

"అంటే కాలినప్పుడు వాసన తెలియకుండా ఉండాలని! అమ్మో, ఇంత తెలివి ఈయనకెప్పుడొచ్చింది?"

పాలసీ కోసం మొగుడు కొంప తగలబెట్టబోతున్నాడు. ఇంకొకరి మొగుడైతే అప్పుడే పట్టించేది. సొంత మొగుడయ్యేసరికి ఆవిడకి ఏడుపొచ్చింది. అయినా పద్ధతి పద్ధతే. ఎక్కడిదక్కడ సర్దేసి, గొట్టానికీ మూతికీ మధ్య అతుకు చుట్టూ కనిపించీ కనిపించని ఆఫీసు టేపు బిగించి అంటించింది. దాని మీద చీమతలంత అక్షరాలతో సంతకం, తేదీ, పదకొండూ ఇరవై అని టైము. తెరిస్తే టేపు తెగుతుంది, దొంగ దొరుకుతాడు.

సాయంత్రం మెట్లు దిగి వెళ్లి కింద వాటాలో ఇంటి ఓనరు తలుపు తట్టింది.

"నేనేమీ చెప్పకూడదండీ, దర్యాప్తులో ఉంది. ఆదివారం పొద్దున మీ సోఫా ఎక్కడుంటుంది?"

"హాల్లోనే ఉంటుందమ్మా."

"హాల్లోనే ఉండాలా?"

ఇంతే అంది. ఓనరు ఎదురింటి దర్జీతో "నిప్పు గండం ఉందట, సీలమ్మ గారు చెప్పలేక చెప్పారు" అన్నాడు. దర్జీ ఇంకో నలుగురితో వీధి మొత్తానికి ఉందన్నాడు. గోరంత కొండంతయింది. వాళ్ల గ్యాసు బండ మీద వీళ్లకి, వీళ్ల ఇస్త్రీపెట్టె మీద వాళ్లకి అనుమానాలు పుట్టాయి. ఆదివారం తెల్లవారేసరికి వీధి చివర మైదానం నిండా మంచాలు, పరుపులు, ఫ్రిజ్జులు, కుట్టుమిషన్లు. అన్నిటికీ ముందు ఓనరు గారి సోఫా.

గుడ్డ సంచీతో అక్కడికి వచ్చిన నక్షాలాయన నోరెళ్లబెట్టాడు. క్లబ్బు సెక్రటరీగా ఉన్న రిటైరైన లెక్కల మాస్టారు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"రాకెట్టు పగలకుండా ముందుగానే పరుపులు పరిపించావా?"

"నాకేం తెలీదు మాస్టారూ, ఒట్టు!"

"సర్లే. అదిగో, ఆ మూలకెళ్లి ఎగరెయ్యి. ఇది మూడోదని గుర్తుందిగా?"

గుర్తుండబట్టే ఒక్కో పనీ ఆచితూచి చేశాడు. అడుగుభాగం తగిలించాడు, అందులో మందుగుండు గుళిక దూర్చాడు, వైరు కలిపాడు. మూతి మాత్రం ముట్టుకోలేదు. మళ్లీ తీస్తే గొడుగు మడత చెడుతుందని భయం.

అప్పటికి సీలమ్మ గారు ఆయన వెనకాలే వచ్చి దర్జీ బీరువా చాటున ఉంది. కొంప తగలబెట్టేవాడు మైదానానికెందుకొచ్చాడు? ఒక్క క్షణంలో తట్టింది. ఇల్లు కాలేటప్పుడు తానిక్కడ ఉన్నట్టు సాక్ష్యం కోసం! వైరు ఇంటిదాకా లాగాడు కాబోలు! "ఆపండి! స్విచ్చి నొక్కనివ్వకండి!" అని కేకవేస్తూ పరిగెత్తింది. ఆయన ఉలిక్కిపడి నొక్కేశాడు.

రాకెట్టు సర్రున లేచింది. వీధి వీధంతా తలెత్తి చూసింది. పైకి, ఇంకా పైకి పోయి ఒక్క క్షణం నిలిచింది. మూతి ఊడాలి. ఊడలేదు. లోపల టప్పుమన్న పొగ, పైన దారి దొరక్క, కాలుతున్న గుళికని కిందనుంచి బయటికి తన్నేసింది. రాకెట్టు దొర్లుకుంటూ వచ్చి ఎవరివో పరుపుల మీద పడింది. గుళిక నేరుగా వెళ్లి ఓనరు గారి సోఫాలో కూర్చుంది.

"నిప్పు! నిప్పు!" బిందెలు, బకెట్లు, అరుపులు. సోఫా నడుమ గంపంత కన్నం పడ్డాక మంట ఆరింది. జనమంతా సీలమ్మ గారి చుట్టూ మూగారు. "అక్షరాలా అమ్మగారు చెప్పినట్టే అయింది!" అని దర్జీ చేతులు జోడించాడు.

నక్షాలాయనకి ఇవేమీ పట్టలేదు. రాకెట్టుని పసిబిడ్డలా ఎత్తుకుని తెచ్చాడు. చిన్న సొట్ట కూడా లేదు. "గొడుగు విచ్చుకోలేదు, మూడూ అయిపోయాయి" అంటూ మాస్టారు పుస్తకం తెరిచాడు. నక్షాలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉండు, ఇదేమిటి?" మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని అతుకు దగ్గర చదివాడు. "మొన్న శుక్రవారం తేదీ, పదకొండూ ఇరవై. ఎవరిదీ సంతకం?"

పొగడ్తలు ఇంకా చెవుల్లో ఉండగానే సీలమ్మ గారికి అంతా అర్థమైంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మొగుడి మొహం చూసింది. ఊరుకోలేకపోయింది.

"నాదండీ."

"ఎందుకు వేశావే?" అన్నాడాయన నీరసంగా.

"మీరు పాలసీ కోసం ఇల్లు తగలబెడతారనుకున్నాను."

"నాకు అగ్గిపుల్ల గీయడమే సరిగ్గా రాదు కదే!"

నిజమే, పాతికేళ్లుగా స్టవ్వు వెలిగించేది తనే. ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుని మాస్టారి వైపు తిరిగింది. "రాసుకోండి. తయారీలో లోపం లేదు. బయటి మనిషి చెయ్యి పెట్టడం వల్ల ఇలా జరిగింది. ఆ బయటి మనిషిని నేనే. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

చేతులు జోడించిన దర్జీ మెల్లిగా వాటిని విడదీసుకున్నాడు. మాస్టారు మాత్రం రాసిన గీత కొట్టేశాడు. "అయితే ఇది లెక్కలోకి రాదు. గుళిక ఇంకోటుందిగా? ఎగరెయ్యి."

టేపు ఆవిడే స్వయంగా ఒలిచింది. ఈసారి మూతి ఊడింది. పౌడరు మబ్బులోంచి తెల్లటి గొడుగు విచ్చుకుంది. ఇరవై ఆరేళ్ల గీతల్లో భూమ్మీద నిలిచిన మొదటిది, ఊగుతూ ఊగుతూ దిగింది. "అదిగోనే, అది నేను గీసిందే!" అని ఆయన చిన్నపిల్లాడిలా ఎగిరాడు. ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు.

సోమవారం ఓనరు గారి సోఫా క్లెయిము ఆఫీసులో తిరిగి తిరిగి సీలమ్మ గారి బల్ల మీదికే వచ్చింది. "ప్రమాదానికి కారకులని ఎవరి మీదనైనా అనుమానం ఉన్నదా?" అన్న ప్రశ్న దగ్గర ఆవిడ, సర్వీసులో మొదటిసారిగా, "అనుమానం ఏమాత్రం లేదు" అని రాసి సంతకం పెట్టింది.