చెల్లెలు లేని బావ

తెలుగు రచయితలారా, మీ పుస్తకాలు ఎవరూ చదవడం లేదని ఏడవడం ఇకనైనా ఆపండి. మందు దొరికింది! ఆవిష్కరణ సభలు వద్దు, శాలువాలు వద్దు, సమీక్షకుల కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. మీ హీరో గే అని మైకులో ఒక్క మాట చెప్పండి చాలు. తెల్లారేసరికి పాఠకులు ఇళ్ళల్లోంచి బిలబిలమంటూ వచ్చేస్తారు. దండలతో వస్తారా, దుడ్డుకర్రలతో వస్తారా అన్నది చిన్న విషయం. వస్తారు కదా!

నమ్మకం కుదరకపోతే ఒకసారి రాజాం రండి. బియ్యం వ్యాపారి మురళీమోహన్ గారి కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆయన 'పద బావా సాహితీ సమితి'కి అధ్యక్షులు. ఈ మధ్య మా వైపు సాహిత్యానికి పట్టిన మహర్దశకు కారకులు.

సమితికి ఆ పేరు ఊరికే రాలేదు. నరసన్నపేటలో ఉంటున్న పార్వతీదేవి గారు ఒకప్పుడు సాలూరులో లారీ ఆఫీసులో గుమాస్తా. ఆ డీజిలు వాసనలో కూర్చునే డ్రైవర్ బంగారురాజును పుట్టించి, అతని మీద ఏడు నవలలు రాశారు. బంగారురాజు ఘాట్ రోడ్డు మీద లారీ తోలుతాడు. పక్క సీట్లో రెండో డ్రైవరు సూరయ్య ఉంటాడు. ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అని పిలుచుకుంటారు. ప్రతి నవల చివరా లారీ ఘాట్ కింద ఆగుతుంది, బంగారురాజు బీడీ పారేసి 'పద బావా' అంటాడు, కథ అయిపోతుంది. ఆ రెండు మాటలూ సాలూరు లారీల వెనక పెయింటుగా వెలిశాయి. టీషర్టుల మీదికెక్కాయి. చివరికి మురళీమోహన్ గారి బియ్యం బస్తాల మీద కూడా అచ్చయ్యాయి.

అవవా మరి! మా వైపు మగవాడు మగవాణ్ణి మనసారా పిలవాలంటే ఉన్నది ఆ ఒక్క మాటే. దానికి చుట్టరికం అక్కర్లేదు, కులం కలవక్కర్లేదు.

మురళీమోహన్ గారికి సాలూరు లారీ ఓనరు సోములు అలాంటి బావే. ఆయన గుండె పట్టుకుని కొట్లో కూలిపోయిన రోజున, అంబులెన్సు కోసం అందరూ ఫోన్లు కొడుతుంటే, సగం సరుకు దించిన లారీలోనే ఆయన్ని వేసుకుని, హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా విశాఖపట్నం తోలుకెళ్ళిన మనిషి సోములు. అప్పట్నుంచీ రాజాం వచ్చినప్పుడల్లా కొట్టు మెట్ల కిందనుంచే కేకేస్తాడు. "ఏటి బావా, బతికే ఉన్నావా?"

"నువ్వు సావనిస్తేగా బావా!" అని లోపల్నుంచి జవాబొస్తుంది. ఆ తర్వాత టీ. టీతోపాటు బంగారురాజు కథ. నవలలు చదివేది సోములే. అధ్యక్షుల వారు వింటారు.

అంతా సవ్యంగా సాగుతుండగా సమితి వారు రాజాంలో కల్యాణ మండపం తీసుకుని పార్వతీదేవి గారికి సన్మానం పెట్టారు. శ్రావణి అనే కాలేజీ అమ్మాయి లేచి అడిగింది. "మేడమ్, ఏడు నవలలైపోయాయి. బంగారురాజుకి పెళ్ళెందుకు చెయ్యలేదు?"

"చేశానమ్మా," అన్నారావిడ శాలువా సర్దుకుంటూ. "మొదటి నవల్లోనే జత కలిపాను. సూరయ్యతో. బంగారురాజు మగవాణ్ణి ప్రేమించిన మనిషి. గే అంటారు కదా, అదే. మీరందరూ ఎప్పుడో గ్రహించేశారనుకున్నాను."

మురళీమోహన్ గారు మైకు లాక్కుని, "బావా అని పిలుస్తాడు కదండీ! అంటే సూరయ్య చెల్లెల్ని చేసుకోబోతున్నాడనే కదా!" అన్నారు.

"సూరయ్యకి చెల్లెలుందని నేనెక్కడ రాశాను?" అన్నారు పార్వతీదేవి గారు.

అదిగో, అక్కడ పుట్టింది పాఠక చైతన్యం!

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఈ బంగారురాజు రెండో నవలలో ఇద్దరి కాళ్ళు విరగ్గొట్టాడు. నాలుగో నవలలో దొంగ టేకు దుంగలు రాష్ట్రం దాటించాడు. అయిదో దాంట్లో తప్పతాగి చెక్‌పోస్టు గేటును గుద్దుకుంటూ పోయాడు. అప్పుడు మనవాళ్ళు ఈలలు వేశారు. పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. మన సంస్కృతికి వెంట్రుకవాసి కూడా దెబ్బ తగల్లేదు. కానీ ఒక మనిషిని జీవితాంతం విడవకుండా ప్రేమించాడా? ఛీ ఛీ! ఇళ్ళల్లో ఆడవాళ్ళున్నారు, పిల్లలున్నారు!

నవలలు తగలబెట్టాలని సమితి నిర్ణయించింది. తీరా చూస్తే ఎవరి దగ్గరా నవల లేదు. అందరిదీ వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ అభిమానమే! పీడీఎఫ్‌ను తగలబెట్టడం ఎలాగన్న దాని మీద వాడివేడి చర్చ జరిగింది. ఫోను తగలబెడదామన్న మాటకు ఎవరూ చెయ్యెత్తలేదు. చివరికి కార్యదర్శి రమేష్‌బాబు నరసన్నపేట వెళ్ళి, రచయిత్రి గారి ఇంట్లోనే, ఆవిడ చేతుల మీదుగానే కాపీలు కొనుక్కొచ్చాడు. ఆవిడ మజ్జిగిచ్చి, ప్రతి కాపీ మీదా సంతకం చేసి పంపారు. తెలుగు నవలకు ఒక్కరోజులో అంత గిరాకీ ఎప్పుడైనా చూశారా?

పుస్తకాలు తగలబెట్టిన చోట ఫ్లెక్సీ కూడా కట్టారు. ఆ మాట ఫ్లెక్సీ మీద వేయించడానికి అందరికీ సిగ్గేసి, 'బంగారురాజు అలాంటివాడు కాడు' అని వేయించారు. అలాంటివాడంటే ఎలాంటివాడని దారిన పోయే జగ్గమ్మ అడిగింది. చెప్పమని ఒకర్నొకరు ముందుకు తోసుకున్నారు. ఆ ముసలమ్మ కూరలు కొనుక్కుని వెళ్ళిపోయింది.

తర్వాత పరిశోధన మొదలైంది. సూరయ్య చెల్లెలు దొరికితే సంస్కృతి నిలబడుతుంది! కంప్యూటర్ సెంటర్ ఆనంద్‌కుమార్ ఏడు నవలలనూ కంప్యూటర్లోకి ఎక్కించి 'చెల్లె' అని కొట్టి వెతికాడు. ఏమీ లేదు. 'చెల్లి' అని కొట్టాడు. దొరికింది! అందరూ చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే అది 'లారీ కిరాయి చెల్లింపు'. ఇంకోచోట 'నోరు మూసుకుని టోలు చెల్లించు'. అక్కాచెల్లెళ్ళున్న మగవాణ్ణి ఒక్కణ్ణీ ఆ రచయిత్రి లారీ ఎక్కనివ్వలేదు.

చేసేది లేక మురళీమోహన్ గారి నాయకత్వంలో నరసన్నపేటకు రాయబారం వెళ్ళింది. ఎనిమిదో నవల రాయాలి, సూరయ్యకు చెల్లెల్ని పుట్టించాలి, బంగారురాజుకి పెళ్ళి చేసెయ్యాలి. ఇదీ డిమాండు.

పార్వతీదేవి గారు శ్రద్ధగా విన్నారు. "అలాగే చేద్దాం. మీకందరికీ ప్రాణమైన మనిషి కదా. మరి పిల్లనెవరిస్తారు? మురళీమోహన్ గారూ, మీ అమ్మాయి దుర్గాభవానికి సంబంధాలు చూస్తున్నారని విన్నాను."

"లారీ డ్రైవరుకి మా పిల్లనిస్తామేటండీ!" అని అధ్యక్షుల వారు కుర్చీలోంచి లేచిపోయారు.

"చూశారా, నేను నయం. ఉన్నదాంట్లో మంచి సంబంధమే కుదిర్చాను," అన్నారావిడ.

ఈ అవమానం నుంచి పుట్టిందే చరిత్రాత్మకమైన బావ తీర్మానం. సొంత అక్కనో చెల్లెల్నో ఇచ్చి పుచ్చుకున్న సంబంధం ఉంటే తప్ప, ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి బావా అని పిలవరాదు. తీర్మానాన్ని ప్రింటు తీసి మురళీమోహన్ గారి కొట్టు గోడకే అంటించారు.

రాజాం ఒక్కసారిగా నాగరికమైపోయింది! ధాన్యం బేరాల్లో 'సార్' వినబడసాగింది. టీ బడ్డీ దగ్గర 'బ్రదర్' దిగింది. నిజం బావలకు కూడా భయం పట్టుకుంది. ఎందుకొచ్చిన గొడవని పృథ్వీరాజ్ అనే కుర్రవాడు, కొత్తగా పెళ్ళయి ఇంటికొచ్చిన అక్క మొగుణ్ణి, వీధిలో పదిమంది ముందూ 'అన్నయ్యా' అని పిలిచాడు. "ఒరే దరిద్రుడా, ఆయన నీకు అన్నయ్యయితే నీ అక్కకి ఏటవుతాడురా!" అని తల్లి చీపురు తిరగేసింది. సంస్కృతిని కాపాడటంలో ఇలాంటి చిన్నచిన్న ఇబ్బందులు తప్పవు.

ఇవేవీ తెలియని సోములు ఒకరోజు లారీ దిగి మెట్ల కిందనుంచి కేకేశాడు. "ఏటి బావా, బతికే ఉన్నావా?"

కొట్లో సమితి మీటింగు జరుగుతోంది. అందరూ మురళీమోహన్ గారి మొహంలోకి చూశారు. ఆయన గోడ మీది తీర్మానం వైపు చూసి, "రండి సోములు గారూ, కూర్చోండి," అన్నారు.

సోములు మెట్టు మీదే ఆగిపోయాడు. "ఎవులైనా పోనారేటి?" అన్నాడు మెల్లగా. అతను గోడ మీది కాగితం చదివాడు, మురళీమోహన్ గారిని చూశాడు, తలగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "మాకు అక్కసెల్లెళ్ళు లేరండి. వస్తానండి," అని లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు. సోములు లారీలు వచ్చాయి, డ్రైవర్లు వచ్చారు, సోములు రాలేదు. టీ వేళకు మురళీమోహన్ గారు మెట్ల వైపు చూసేవారు. టీ చల్లారిపోయేది. బతికే ఉన్నావా అని అడిగేవాడు లేకపోతే బతికి ఉన్నట్టే అనిపించడం లేదని ఆయనకు తెలిసొచ్చింది. ఆ మాట భార్యతో చెప్పడానికి కూడా ఆయనకు నామోషీగా ఉండేది.

ఇక ఒకటే దారి. ఆ చెల్లెలు దొరకాలి. ఆమె దొరికితే తీర్మానం కొట్టెయ్యొచ్చు, సోముల్ని నోరారా పిలుచుకోవచ్చు. కంప్యూటరుకు దొరకనిది మనిషికి దొరక్కపోతుందా? తగలబెట్టగా మిగిలిన మొదటి నవల కాపీ తీసుకుని, గిరాకీ లేని మధ్యాహ్నం పూట బస్తాల చాటున కూర్చుని, సాహితీ సమితి అధ్యక్షుల వారు తమ జీవితంలో మొట్టమొదటిసారి ఒక నవల తెరిచారు.

చెల్లెలు లేదు. ఘాట్ మీద బంగారురాజుకి మలేరియా జ్వరం వచ్చే చోటు మాత్రం ఉంది. సూరయ్య ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ రెండో చేత్తో అతని చెయ్యి పట్టుకుని ఉంటాడు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడే వదులుతాడు, మార్చగానే మళ్ళీ పట్టుకుంటాడు. కొండ దిగేదాకా అంతే. మురళీమోహన్ గారికి విశాఖపట్నం దాకా మోగిన హారన్ వినబడింది. ఏడుపు ఆగలేదు. బియ్యం దుమ్ము కళ్ళల్లో పడిందని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పారు.

ఫోను తీశారు. అవతల సోములు, "సెప్పండి," అన్నాడు.

"ఇన్నేళ్ళు కథలు సెప్పావు. ఆ ఇద్దరూ అలాంటోళ్ళని ఒక్కసారైనా నాకు సెప్పలేదేటి?"

"సెప్పాను గదండి. ఒకర్నొకరు ఒగ్గి ఉండలేరని సెప్పాను. ఇంకేటి సెప్పాలి?"

"అలాంటోళ్ళు నిజంగా ఉంటారేటి మన వైపు?"

"నా డ్రైవర్లలో ఉన్నారు. తమరి సమితిలోనూ ఉండే ఉంటారు. గోడ మీద ఆ కాయితం సూసినాక తమరితో సెప్తారేటండి?"

ఈ 'తమరు' మురళీమోహన్ గారికి గుండెనొప్పి కంటే గట్టిగా తగిలింది. బస్తాల వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "బావా," అన్నారు.

"సిగ్నల్ లేదండి. వినబళ్ళేదు."

"బావా!"

"ఊహూ. రోడ్డు మీదికొచ్చి మాటాడండి."

మురళీమోహన్ గారు మెట్లు దిగారు. మెయిన్ రోడ్డు మధ్యన నిలబడి, బస్సుల హారన్లకు మించి, "బావా!" అని అరిచారు.

రోడ్డంతా ఆగింది. టీ బడ్డీ దగ్గర, ఆటోల్లో, ధాన్యం కాటా దగ్గర, ఎన్నాళ్ళుగానో నోరు కట్టుకుని ఉన్న మగవాళ్ళందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. "ఏటి బావా?"

ఫోనులో సోములు నవ్వాడు. "బతికే ఉన్నావన్నమాట. ఆ కాయితం పీకెయ్, టీకొస్తాను."

తీర్మానం వానకు తడిసి ఊడిపోయిందని అధ్యక్షుల వారు సమితికి నివేదించారు. ఆ వారం రాజాంలో చినుకు పడలేదు. సమితి దాని మీద లోతుగా చర్చించి, తమ సభ్యులు ఒకరినొకరు బావా అని పిలుచుకోవచ్చని అనుమతించింది. బంగారురాజు, సూరయ్య మాత్రం పిలుచుకోరాదని ఏకగ్రీవంగా నిర్ణయించింది. చెయ్యెత్తినవాళ్ళలో మురళీమోహన్ గారు కూడా ఉన్నారు.

కాబట్టి రచయితలారా, దిగులు మానండి. ఇంత రభస జరిగితే మీకు నికరంగా ఒక పాఠకుడు దక్కుతాడు. మురళీమోహన్ గారిప్పుడు మూడో నవలలో ఉన్నారు. బస్తాల చాటున చదువుతారు. అడుగుల చప్పుడైతే పుస్తకాన్ని గబుక్కున బస్తాల మధ్యకి తోసేస్తారు.

మొన్న సోములు టీకొచ్చి అది చూడనే చూశాడు. "ఏటి బావా అది, దాస్తన్నావు?"

"ఏటీ లేదు బావా."

సోములు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "నాకు సెప్పొచ్చు బావా. నాను ఎవులికీ సెప్పను."