వెనక్కి నడిచిన వాక్యం

మొదట మామగారిని కుర్చీలోంచి లేపాలి. తర్వాత రిమోటు చేజిక్కించుకోవాలి. మ్యాచ్ మొదటి బంతి పడేసరికి కాళ్ళు బల్లమీద పెట్టేసుకోవాలి. ఇదంతా భార్యకు తెలియకుండా జరిగిపోవాలి. అల్లుడి ముందున్న పనులు ఇవీ.

మామగారు రిటైరైన బస్సు డ్రైవరు. సాయంత్రం ఏడింటికి టీవీ ముందు కూర్చుంటే రిమోటును స్టీరింగులా పట్టుకుంటారు. వార్తలన్నీ అయ్యేదాకా దిగరు. ఇంటర్నెట్లో జనమంతా కలిసి రాసుకునే విజ్ఞాన సర్వస్వంలో ఉంటే తప్ప డాక్టరు మాటైనా నమ్మరు.

అందులో అల్లుడు 'సత్యాన్వేషి' అన్న పేరుతో అచ్చుతప్పులు దిద్దుతుంటాడు. ఆ రోజు రక్తపోటు పేజీ తెరిచి, "రోజూ సాయంత్రం ఏడింటికి వెనక్కి నడిస్తే రక్తపోటు తగ్గుతుంది" అని ఒక వాక్యం చేర్చాడు. ఆధారంగా ఆదివారం అనుబంధంలో ఓ మూల వచ్చిన ముక్కను తగిలించాడు. ఆ ముక్కలో ఏడింటి ప్రస్తావన లేదు. అది అల్లుడి సొంత పరిశోధన.

మర్నాడు ఏడు కాగానే, ఆ పేజీ చదివిన మామగారు కుర్చీలోంచి లేచి, రివర్సు గేరులో బయల్దేరారు.

"మామయ్యా, వెనకాల స్టూలు!"

"అంత బస్సునే రివర్సు చేసినవాణ్ణి. స్టూలు నాకో లెక్కా?"

స్టూలు పడింది. దానిమీది పూలకుండీ పడింది. అల్లుడు కుర్చీలో పడ్డాడు, హాయిగా.

భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. వారం తిరక్కుండానే మాత్రల షీటు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"చూశారా? ఒక్కటీ తగ్గలేదు."

"దాచుకుంటున్నారేమో."

"నాన్న మాత్రలు మానేశారండీ! బీపీ చూస్తే ఆకాశంలో ఉంది. అదేమంటే 'వెనక్కి నడుస్తున్నాగా' అంటున్నారు. ఎవడో సత్యాన్వేషట, రాశాడట. వాడు గానీ నా చేతికి దొరికితే..."

"దొరికితే?"

"మొద్దు సూదితో రక్తం తీస్తాను."

ఇంట్లో రెండో బీపీ ఆ క్షణమే మొదలైంది.

అల్లుడు పరుగున వెళ్ళి వాక్యం తీసేశాడు. టీ చల్లారేలోపు అది మళ్ళీ ప్రత్యక్షమైంది. 'స్టీరింగు' అనే పేరుతో ఎవరో తిరిగి పెట్టారు. తీశాడు. పెట్టారు. ఇంతలో పక్కగదిలోంచి మామగారి కేక వినబడింది.

"అల్లుడూ, ఘోరం! ఆ మహానుభావుడి వాక్యాన్ని పీకేస్తున్నారు. నేను పెడుతుంటే మళ్ళీ పీకుతున్నారు!"

"ఎవరు మామయ్యా?"

"అదే విచిత్రం. సత్యాన్వేషే! పాపం, ఎవరో బెదిరించి ఉంటారు."

ఆ వాక్యం తనదేనని ఒప్పుకుంటే కుర్చీ పోతుంది. పైగా మొద్దు సూది. ఒప్పుకోకపోతే మామగారు మాత్ర వేసుకోరు. అల్లుడు కొట్టుమిట్టాడుతుండగా 'చీపురుకట్ట' అనే పాత నిర్వాహకులెవరో వచ్చి, ఇంకెవరూ మార్చకుండా పేజీకి తాళం వేశారు. "ఇద్దరూ ఆగండి. చర్చ పేజీకి రండి."

గోడకు అటూ ఇటూ కూర్చుని మామా అల్లుళ్ళు చర్చ మొదలుపెట్టారు.

"పేపర్లో పడింది. ఇంకేం కావాలి?" అని రాశారు స్టీరింగు.

"పేపర్లో పడ్డదల్లా వైద్యమేనా?" అని రాశాడు సత్యాన్వేషి.

"ఆ పేపరు చూపించింది తమరే కదండీ!"

"అప్పుడు పూర్తిగా చదవలేదు."

"చదవకుండా ఎలా రాశారు?"

అల్లుడు గోడకు తల ఆనించాడు. అవతల మామగారు రెండు వేళ్ళతో టకటకా కొడుతున్నారు. టీవీలో మ్యాచ్ నడుస్తోంది. చూసే దిక్కు లేదు.

అప్పుడు మొదటిసారిగా, ఆ ముక్కకు మూలమైన అధ్యయనాన్ని వెతికి చివరిదాకా చదివాడు. అందులో ఉన్నది గుప్పెడు మంది కుర్ర ఆటగాళ్ళు. కొలిచింది మోకాళ్ళ బలం. రక్తపోటును ఎవరూ కొలవనే లేదు! ఉన్నదున్నట్టు చర్చ పేజీలో పెట్టాడు.

చీపురుకట్ట తేల్చేశారు. "వైద్యం విషయంలో వార్తాపత్రిక ముక్క చాలదు. ఒక్క చిన్న అధ్యయనమూ చాలదు. ఎన్నో అధ్యయనాలను కలిపి తూచిన సమీక్ష కావాలి. ఈ వాక్యం నమ్మి ఎవరైనా మాత్ర మానేస్తే?"

గోడవతల టకటక ఆగిపోయింది. కాసేపటికి తెరమీద స్టీరింగు జవాబు వచ్చింది.

"ఎర్ర సిగ్నలు పడితే ఆగడం నా వృత్తి. ఆగాను."

ఆ వెంటనే పక్కగదిలో మాత్రల షీటు చిటుక్కుమంది. గ్లాసులో నీళ్ళ చప్పుడు. ఆఖరి బంతికి సిక్సరు కొట్టినట్టు అల్లుడు కుర్చీలోంచి ఎగిరాడు!

తర్వాత స్టీరింగు, చీపురుకట్ట కలిసి మంచి సమీక్ష వెతికి, "డాక్టరు ఇచ్చిన మందులతో పాటు రోజూ నడక మేలు చేస్తుంది" అని రాశారు. మామగారి బీపీ నేలకు దిగివచ్చింది.

"ఏమైనా ఆ సత్యాన్వేషి గొప్పవాడమ్మా," అన్నారాయన కూతురితో. "తను రాసింది తప్పని తేలితే, పోట్లాడి మరీ తనే తీయించాడు."

అల్లుడి ఛాతీ పొంగింది. "అలాంటివాళ్ళు అరుదు మామయ్యా!"

"అంత గొప్పవాడు తనూ నడవాలిగా నాన్నా?" అంది భార్య.

"నడవాలి మరి."

"అయితే తోడు తీసుకెళ్ళండి. ఇదిగో, మీ కుర్చీలోనే ఉన్నాడు. కంప్యూటరు తెరమీద పేరు అలాగే వదిలేసి లేస్తే, దుమ్ము తుడిచే నాకు కనబడదా?"

మామగారు అల్లుణ్ణి ఎగాదిగా చూశారు. తిడతారనుకున్నాడు. ఆయన భుజం తట్టి, చెయ్యి పట్టి లేపారు.

"నువ్వేనా! పద మహానుభావా, ఏడైంది."

"మామయ్యా, ఇవాళ ఫైనలు..."

"ఆధారం ఉంటే దారిలో చూపిద్దువుగాని, నడు."

"మరి సూది?" అన్నాడు గుమ్మంలో ఆగి, భార్యతో.

"వచ్చాక చూద్దాం," అంది. మ్యాచ్ మొదటి బంతి పడేసరికి ఆవిడ కుర్చీలో కూర్చుని, కాళ్ళు బల్లమీద పెట్టేసుకుంది.

మీరెప్పుడైనా సాయంత్రం ఏడింటికి తీరిగ్గా మ్యాచ్ చూస్తుంటే ఆ అల్లుణ్ణి ఒక్కసారి తలుచుకోండి. వీలైతే స్కోరు కాస్త గట్టిగా చెప్పండి. మీ కిటికీ కిందనుంచే వెళుతుంటాడు, ముందుకే నడుస్తూ.