వేళ్లు విచ్చుకోకముందే

ఆ రోజు తెల్లారకముందే భార్యను మంచమ్మీద ఆసుపత్రికి మోయించాలని రాఘవులు నిశ్చయించాడు. భద్రమ్మ నడవలేక కాదు. నడిస్తే ఒళ్లు వేడెక్కుతుంది, వేడెక్కితే వేళ్లు విచ్చుకుంటాయి, విచ్చుకుంటే డాక్టరమ్మ ముందు మళ్లీ పరువు పోతుంది.

తెలుగునేల సరిహద్దు దాటాక, బాసగూడ అవతల అడవిపల్లె వాళ్లది. ఏడాదిగా తెల్లారేసరికి భద్రమ్మ చేతులు కొయ్యబారిపోతున్నాయి. చెంబు పట్టలేదు, కొప్పు ముడవలేదు. పొద్దెక్కాక ఆ వేళ్లే మెల్లగా దారికొస్తాయి. ఇప్పపువ్వేమో తెల్లవారుజామునే రాలుతుంది. ఆమె వెళ్లేసరికి మేకలు తినగా మిగిలిందే దక్కేది. "పువ్వేరే ఏళకు నొప్పులు, తినే ఏళకు చేతులు," అని పొరుగింటి బుధ్రి ఊరంతా చాటింది. అంతకుముందోసారి ఆసుపత్రికి పోతే, బస్సు చేరేసరికే మిట్టమధ్యాహ్నమైంది. డాక్టరమ్మ ముడవమంటే వేళ్లు ముడుచుకున్నాయి, విప్పమంటే విచ్చుకున్నాయి. నొప్పి మాత్రలిచ్చి పంపేశారు. తిరుగు బస్సులో మొగుడు చూసిన చూపు వేళ్లకన్నా ఎక్కువ సలిపింది భద్రమ్మను.

"ఈసారి బిగుసుకున్నప్పుడే చూపిస్తం," అన్నాడు రాఘవులు. ఎండపొడ తగిలితే కీళ్లు సడలుతాయని దుప్పటి ముఖం మీదికి కప్పాడు. మోసే ముయాకూ, అతని తమ్ముడికీ గట్టిగా చెప్పాడు: "దారిల ఎవ్వలతోని మాట్లాడకుండ్రి. ముచ్చట్లు పెడితే పొద్దెక్కుతది." డాక్టరమ్మ ఎటూ పోకుండా ఆపడానికి తాను సైకిలెక్కి ముందు పోయాడు.

ముఖం కప్పిన మంచం, నోరు విప్పని మోతగాళ్లు. చెట్ల కింద పువ్వేరుతున్నవాళ్లకు ఇంకేం కావాలి? గంపలు దించి వెంట నడిచారు. పోయినవాళ్లకు తలా ఒక బట్ట కప్పడం అక్కడి ఆనవాయితీ. తువ్వాళ్లు, లుంగీలు, ఎవరిదో కొత్త చీర మంచమ్మీదికి చేరాయి.

"బొందలగడ్డ అటుంటె ఇటెందుకు తీస్కపోతుండ్రు?"

"ఆస్పత్రిల కోసి చూస్తరేమో. గవర్మెంటు పద్ధతి."

భద్రమ్మ అరవబోయింది. అంతలో బుధ్రి తలగుడ్డ విప్పి ఆమె మీద కప్పి, ఏడుపు అందుకుంది. "ఓ నా భద్రక్కా, నీ అసొంటి చేతులు ఏడున్నయే. మేం ఒక్క గంప నింపేలోపు నువ్వు రెండు నింపుతుంటివి. నొప్పంటె దొంగేషాలనుకున్న గదనే."

భద్రమ్మ నోరు మూసుకుంది. ఏడాదిగా ఒక్కరూ అనని మాట. ఇంకొంచెం విందామనిపించింది. ఆమె వింటున్నకొద్దీ బట్టలు పెరిగాయి, బట్టలతోపాటు ఉక్కా పెరిగింది. ఆసుపత్రి కనపడే వేళకు చూపుడువేలు తనంతట తానే విచ్చుకుంది. దాని వెనకే నడిమివేలు.

"ఈ గుడ్డలు తియ్యుండ్రే, నా ఏళ్లు సడల్తున్నయి," అంటూ భద్రమ్మ లేచి కూర్చుంది.

సాగనంప వచ్చినవాళ్లు పరుగందుకుని అడవి అంచుదాకా ఆగలేదు. బుధ్రి ఒక్కతే అక్కడే కూలబడింది. ముయా తాపీగా మంచం దించాడు. "బతికే ఉన్నదని నాకెరికే. మాట్లాడొద్దన్నడు గద."

అరుపులు విని డాక్టరమ్మ బయటికొచ్చింది. సరిహద్దునున్న భోపాలపట్నం వైపు పిల్ల, తెలుగు వచ్చు. వెనకే వచ్చిన రాఘవులు భార్య వేళ్లు చూసి నీరుగారిపోయాడు.

"జర ముందొస్తే చూస్తుంటిరి మేడం. పొద్దుగాల కొయ్య లెక్కుంటయి, పగటికి సడల్తయి. మా ఖర్మ."

ఆమె భద్రమ్మ వేళ్ల మొదళ్లు నొక్కి చూసింది. రెండు చేతులకూ ఒకేచోట వాపు.

"ఈ మాట మొన్నెందుకు చెప్పలే?"

"సడల్తయంటె నమ్మరని."

"ఆ సడలుడే ఈ జబ్బు గుర్తయ్యా. కీళ్లవాతం. బస్సుల వచ్చి ఈ ముక్క చెప్తె సరిపోతుండె." జగదల్‌పూర్‌లో రక్తపరీక్ష చేయించమంది. మందు చాన్నాళ్లు వాడాలని, నొప్పి పూర్తిగా పోకపోయినా వేళ్లు వంకరపోకుండా కాపాడుకోవచ్చని చెప్పింది.

"అయితె నాయి దొంగేషాలు కావా బిడ్డా?" అని భద్రమ్మ అడిగింది.

"దొంగేషానికి కీళ్లు వాయవమ్మా."

రాఘవులు మంచమ్మీది బట్టలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టాడు. సైకిలు ముయాకిచ్చి, తిరుగుదారిలో బస్సు కిటికీ పక్కన, ఎండపొడ పడేచోట భార్యను కూర్చోబెట్టాడు.

మర్నాడు భద్రమ్మ బట్టలన్నీ ఎవరివి వాళ్లకు ఇచ్చేసింది. బుధ్రికి తలగుడ్డ కూడా ఇచ్చింది. బుధ్రి ఏడుస్తూ అన్న మాటలు మాత్రం తిరిగివ్వలేదు.