బీరువాకో కారణం

మధ్యాహ్నం మూడింటికి పత్రికవాళ్లు ఫొటోలు తీయడానికి వచ్చేలోపు, నూట ఇరవయ్యేళ్ల ఆ ఇంటి ముందు గదిని జపాను గదిగా మార్చేయాలని కోడలు పొద్దున్నే కాఫీ తాగుతూ తీర్మానించింది. ఒక చాప, ఒక పొట్టి బల్ల, కుండీలో ఒక కొమ్మ. అంతే. తక్కినవన్నీ వరండాలోకి.

"గదిలో ఉండే ప్రతి వస్తువుకీ ఒక కారణం ఉండాలండీ," అన్నాడు ఆమె పిలిపించిన డిజైనరు.

అత్తగారి పడక కుర్చీకి కారణం దొరకలేదు. కుట్టుమిషనుకూ, గోడగడియారానికీ దొరకలేదు. అవి వరండాలోకి పోతుంటే ఆవిడ పక్కకు తప్పుకుంది. సామాన్లు మోసేవాళ్లిద్దరూ టేకు బీరువా మీద చెయ్యి వేసేసరికి మాత్రం అడ్డంగా వచ్చి నిలబడింది.

"దీన్ని కదపడానికి వీల్లేదు. మీ మామయ్య చేతులతో ఇక్కడ నిలబెట్టింది."

"సెంటిమెంటు కారణం కాదత్తయ్యా."

"కారణం అది కాదే! అసలు సంగతి వినవే..."

"తర్వాత వింటా. టైమవుతోంది."

అత్తగారికి ఒళ్లు మండింది. నలభై ఏళ్లు ఏలిన గదిలో తన మాటను పూచికపుల్లలా తీసిపారేశారు. "సరే, ఇక నేను నోరెత్తితే ఒట్టు!" అని వరండాలోకి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

బీరువా గడప దాటింది. గదిలో దూలం కిర్రుమంది.

"విన్నారా? ఇల్లు ఊపిరి పీల్చుకుంటోంది," అని డిజైనరు కళ్లు మూసుకున్నాడు.

రెండో ఊపిరికి చారెడు మట్టి అతని నెత్తిన రాలింది. మూడో ఊపిరికి దూలం కిందికి జారబోయింది. అతను పొట్టి బల్ల ఎక్కి, దూలాన్ని రెండు చేతులతో మోస్తూ కెవ్వుమన్నాడు.

"బీరువా! బీరువా తెండి!"

మిగతావాళ్లు వరండాలోకి పరుగెత్తారు. బీరువాకు అడ్డంగా కుర్చీ వేసుకుని అత్తగారు కూర్చుని ఉంది.

"లేవండత్తయ్యా! దూలానికి ఆసరాగా పెట్టారని ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పబోయాను. నీకు తీరిక లేకపోయింది. ముందు మాటివ్వు, నా కుర్చీ లోపలికి రావాలి."

"వస్తుంది!"

"కుట్టుమిషనూ, గడియారమూ."

"వస్తాయి!"

"అమ్మా, చేతులు పడిపోతున్నాయ్!" లోపల్నుంచి డిజైనరు.

"కారణాలు అడక్కూడదు."

"అడగనమ్మా! జన్మలో అడగను!"

అప్పుడు లేచింది ఆవిడ.

మూడింటికి పత్రికవాళ్లు వచ్చేసరికి సామానంతా పాత చోట్లలో కిక్కిరిసి ఉంది. జపాను చాపను మాత్రం, ఉండటానికి తగిన కారణం కనపడక, అటక ఎక్కించారు.