భూపాల్ గారి ఇంగ్లీషు కుక్క

సకల జనులకు తెలియజేయునది ఏమనగా, ఈ కలియుగంలో మా ఊళ్లో ధర్మం మళ్లీ నాలుగు కాళ్ల మీద నడిచింది. వెనక తోక కూడా ఉంది.

మా ఊరు తొర్రూరు అవతల. మాజీ సర్పంచ్ భూపాల్ వరంగల్ నుంచి ఒక కుక్కను తెచ్చాడు. పేరు సీజర్. పోలీసు ట్రైనింగట. ఇంగ్లీషు తప్ప తెలుగు అర్థం కాదట. దొంగను పట్టడంలో ఈ జన్మకు పొరపాటు చేయదట. దాని ముందు తెలుగు మాట్లాడటానికి మావాళ్లు మొహమాటపడేవారు.

అంతలో పుష్ప బావి మోటారును ఎవరో ఎత్తుకుపోయారు. ఒంటరి మనిషి. ఎకరం వరి, పొట్టకొచ్చిన పైరు. నాలుగు రోజులు నీళ్లు లేకపోతే అంతా తాలే. ఆ పొలం తనకమ్మమని భూపాల్ మొన్ననే అడిగాడు, ఆమె కాదంది.

పంచాయతీ ఆఫీసు ముందు జనాన్ని వరుసగా నిలబెట్టి, భూపాల్ గంభీరంగా "సీజర్, క్యాచ్" అన్నాడు. కుక్క పోయి, మోటార్లు బాగుచేసే ఎల్లేశ్ ముందు కూర్చుంది.

"నేను తియ్యలేదన్నా," అన్నాడు ఎల్లేశ్.

"నీ నోరు అబద్ధం చెప్తది, సీజర్ చెప్పడు. మోటారన్న తే, లేకుంటే ఊరన్న ఇడిశిపో."

నేను యాభై ఏళ్లు గొర్లు కాసినవాణ్ని. కుక్క మన నోటికంటే ముందు మన కళ్లు చదువుతుంది. "క్యాచ్" అనేముందు భూపాల్ చూపు ఎల్లేశ్ మీద వాలింది, సీజర్ ఆ చూపు వెంటే పోయింది. నేను నాలుగో తరగతి దాటలేదు కాబట్టి ఇది కనిపెట్టగలిగాను.

"దొంగ దొరికిండు, మంచిదే బిడ్డా," అన్నాను. "మోటారేడున్నదో గూడ సీజర్నే అడుగు."

"గట్ల చెప్పడు తాతా. గది వేరే ట్రైనింగు."

"ఎందుకు చెప్పడన్నా?" పుష్ప ముందుకొచ్చింది. "దొంగెవడైతే నాకేంది? నా వరి ఎండుతాంది. నా మోటారేడ పెట్టిన్రు?"

ఒక్క రెప్పపాటు భూపాల్ చూపు రోడ్డవతలి తన గడ్డివాము మీదికి పోయి వచ్చింది.

సీజర్ లేచాడు. రోడ్డు దాటి గడ్డివామును గీకడం మొదలుపెట్టాడు.

"సీజర్, నో."

గడ్డి ఎగిరిపడుతోంది.

"స్టాప్. కమ్."

ఇంకా ఎగిరిపడుతోంది.

"ఓ నీయవ్వ, ఇటు రారా!"

కుక్క ఠక్కున ఆగి వచ్చింది. తెలుగు బ్రహ్మాండంగా అర్థమైంది. కానీ అప్పటికే పచ్చరంగు మోటారు సగం బయటపడింది.

"నోరులేని జీవి," అన్నాడు భూపాల్. "దాన్ని నమ్ముకొని మనిషిని అనుమానిస్తరా?"

ఎల్లేశ్ మోటారు భుజానికెత్తుకున్నాడు. పొద్దుగూకకముందే పుష్ప పొలంలో నీళ్లు పారాయి.

మర్నాటి నుంచి భూపాల్ నల్ల కళ్లద్దాలు లేకుండా గడప దాటడం లేదు. కంటి ఆపరేషనని అందరికీ చెబుతున్నాడు. సీజర్ మాత్రం ఇప్పుడు ఆయన చేతుల వంక చూడటం మొదలుపెట్టాడు.