ముందు అరలో ఊపిరి పంపు

ఆ ఉదయం ఆమె పెట్టుకున్న పని ఒక్కటే, బీరువా పైభాగం ఖాళీ చెయ్యడం. బడి సభాభవనానికి కుట్టాల్సిన కర్టెన్ల గుడ్డ, ముదురాకుపచ్చ తానులు, వచ్చి మంచం ఆక్రమించుకుని కూర్చున్నాయి. వాటిని నలక్కుండా పెట్టాలంటే ఆ రెండు గదుల ఇంట్లో మిగిలిన చోటు బీరువా పైనే. అక్కడేమో ఒక నల్ల సంచి, పిలవకుండా వచ్చిన చుట్టంలా, కదిలే ఉద్దేశం లేకుండా తిష్ఠ వేసింది.

సంచిలో ఉన్నది ఆమె భర్త పాత నిద్ర మిషను. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు ఆయనకుందని డాక్టరు తేల్చాక కొన్నది. ముక్కుకు మాస్కు తగిలించుకుంటే రాత్రంతా సన్నగా గాలి ఊదుతూ దారి తెరిచి ఉంచుతుంది. అది రాకముందు రోజుల్ని ఆమె మరిచిపోలేదు. మొగుడి గురక ఆగితే హాయిగా పడుకునే ఆడవాళ్ళు లోకంలో ఉంటారు. ఆమె మాత్రం గురక ఆగిందంటే లేచి కూర్చునేది, మళ్ళీ గుర్రుమన్నాకే పడుకునేది. మిషను వచ్చిన మర్నాడు ఆయన పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క కునుకు కూడా పడకుండా చదివాడు. అది చూసి ఆమె వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. కాబట్టి ఆ మిషనంటే ఆమెకు గౌరవం లేక కాదు. ఈమధ్య దానికన్నా చిన్నది, చప్పుడు లేనిది కొత్తది వచ్చింది. గౌరవాన్ని ఎంతకాలమని బీరువా మీద పెట్టుకుంటారు?

కానీ ఆయన సంగతి వేరు. నీటి సరఫరా పంపుహౌసులో పెద్ద మెకానిక్కు ఆయన. అక్కడందరూ రిజర్వు మేస్త్రి అంటారు. ఆయన నమ్మకం ప్రకారం ఒకటి ఉందంటే అర్థం ఏమీ లేనట్టు, రెండుంటే ఒకటి ఉన్నట్టు. ఇంట్లో ఇస్త్రీపెట్టెలు రెండు, టార్చిలైట్లు రెండు. గోడమీద గడియారం నడుస్తుంటే దాని తోబుట్టువు అట్టపెట్టెలో పడుకుని పిలుపు కోసం చూస్తుంటుంది. "అన్నీ రెండేసి పెట్టుకునే బావగారు పెళ్ళాం దగ్గర ఒక్కదానితో ఎలా సరిపెట్టుకున్నారో" అని ఆమె చెల్లెలు ఒకసారి ఆటపట్టించింది. ఆయన నవ్వకుండా, "మీ అక్క ఆగిపోయే బాపతు కాదమ్మా" అన్నాడు. పైకి విసుక్కున్నా ఆ మాట తలుచుకుని ఆమె చాలా రోజులు మురిసిపోయింది.

ఆ ఉదయం కూడా ఆయన పాత మిషను దింపి, ఫిల్టరు దులిపి, కాసేపు నడిపి, చెవి ఆనించి విన్నాడు. ఆడని పంపు బిగుసుకుపోతుందని ఆయన భయం. ఆమె అదను చూసి మాట కదిపింది.

"మా తమ్ముడూ గురక పెడతాడు. వాడికిచ్చేద్దామండీ."

"ఇది నా ఊపిరికి కుదిర్చింది. డాక్టరు చూడకుండా ఇంకొకరికి తగిలించకూడదు." సంచి జిప్పు వేస్తూ ఆయన మళ్ళీ అన్నాడు. "కొత్తది ఏదో రోజు మొరాయించిందనుకో, నువ్వు మళ్ళీ మేలుకుని కూచుంటావా నాకోసం?"

సంచి మళ్ళీ బీరువా ఎక్కింది. ఆయన హుషారుగా చొక్కా గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. హుషారుకు కారణం ఉంది. కొత్తగా కట్టిన పంపుహౌసుకు ఇన్‌ఛార్జి ఎవరన్నది ఇంజనీరుగారు ఆ రోజే తేల్చేస్తారు. మేస్త్రి పేరే ముందుంది. ఇన్‌ఛార్జికి అక్కడే క్వార్టరు ఇస్తారు. ఆ క్వార్టర్లో పెద్ద కిటికీ ఉన్న గది ఒకటి అదనంగా ఉంది. కుట్టుమిషను ఆ గదిలో వెలుతురుకు ఏ వైపు తిప్పి పెట్టాలో కూడా ఆమె నిర్ణయించేసుకుంది. అయితే గది రేపటిది, తానులు ఇవాళ్టివి.

రోజూలాగే ఆఫీసు జీపు డ్రైవరు మేస్త్రి క్యారేజీ కోసం వచ్చినప్పుడు ఆమెకు ఆ ఆలోచన తట్టింది. పంపుహౌసులో స్పేర్లకని ఒక గదే ఉంది. స్పేరు స్పేర్ల గదిలో ఉంటే తప్పేముంది? కావలసిన రోజున జీపులో వచ్చేస్తుంది. ఆమె కుర్చీ వేసుకుని సంచి దింపి డ్రైవరు చేతికిచ్చింది.

"మేస్త్రిగారి ఊపిరికి రిజర్వు ఇది. స్పేర్ల గదిలో పెట్టెయ్. ఆయనకి మాత్రం నువ్వేం చెప్పకు, నేను నిదానంగా చెప్పుకుంటా."

డ్రైవరు మొహంలో రంగు కొద్దిగా మారడం ఆమె గమనించలేదు. ఆ సరికే ఆమె కళ్ళు బీరువా మీద తేలిన ఖాళీని కొలుస్తున్నాయి.

ఆ స్పేర్ల గదిలో మేస్త్రి పెట్టిన పద్ధతి ఒకటుంది. అక్కడ అరలు రెండు వరసలు. మామూలు స్పేర్లన్నీ వెనక వరసలో ఉంటాయి. ఏ మోటారు చప్పుడో చెవికి తేడాగా వినిపిస్తే, దాని స్పేరును ఆయన తెచ్చి ముందు అరలో పెడతాడు. ఎవరితోనూ ఏమీ అనడు. వారం తిరక్కుండా ఆ మోటారు ఆగిపోతుంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా గురి తప్పలేదు. అందుకని డ్యూటీకి వచ్చినవాళ్ళు, రైతు మబ్బుల వైపు చూసినట్టు, ముందు అర వైపు చూసి మరీ పనిలోకి దిగుతారు. జీపు తప్ప ఇంకేమీ ఎరగని డ్రైవరుకు ఈ శాస్త్రం తెలియదు. వెనక అరలు కిక్కిరిసి ఉన్నాయని సంచిని ముందు అరలో పెట్టి, ఎవరన్నా అడిగితే చెబుదామని అక్కడే నిలబడ్డాడు. అడిగింది స్టోర్ కీపరు. "మేస్త్రిగారి ఊపిరికి రిజర్వట, అమ్మగారు పంపారు" అన్నాడు డ్రైవరు.

కాసేపటికి ఆమెకు ఫోను వచ్చింది. స్టోర్ కీపరు గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. "వదినా, ఎన్నాళ్ళుగా ఇది?"

సంచి బీరువా మీద ఎన్నాళ్ళుగా ఉందని అడుగుతున్నాడనుకుంది ఆమె. "చాలా రోజులుగానే. ఎంతకని ఓర్చుకోను? ఇవాళ తెగించేశాను."

"మేస్త్రికి తెలుసా?"

"లేదు. ముందే చెబితే గొడవ చేస్తారు. సాయంత్రం తిండి తినేటప్పుడు మెల్లిగా చెబుతా. మీరూ బయటపడకండి."

"మీ గుండెనిబ్బరానికి చేతులెత్తి మొక్కాలి వదినా" అని ఫోను పెట్టేశాడు. ఒక సంచి దింపినందుకు ఇంత మెప్పు ఎక్కువేమో అనుకుంటూనే ఆమె ఒక తాను విప్పి కత్తెర అందుకుంది.

అక్కడ జరిగింది ఆమెకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. మేస్త్రి ఊపిరి ముందు అరలోకి వచ్చిందన్న వార్త పంపుహౌసంతా పాకింది. ఆపరేటరుకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. కొన్నాళ్ళుగా మేస్త్రి తనను పక్కన నిలబెట్టుకుని పాత వాల్వు కిటుకులన్నీ నేర్పుతున్నాడు. "నన్ను కూడా ముందు అరలో పెట్టేశాడురా ఆ మహానుభావుడు" అని అతను మోటారు చాటున కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ తర్వాత మేస్త్రి చేతిలో స్పానరు నిలవలేదు. ఎవరో ఒకరు వచ్చి మర్యాదగా లాక్కునేవారు. మెట్లెక్కబోతే అడ్డు నిలబడేవారు. కుర్చీ వచ్చింది, కుర్చీ ముందుకు ఫ్యాను వచ్చింది. వాళ్ళు చూసే చూపుల్లోని ఆర్ద్రత మేస్త్రి కంటపడింది. ఇన్‌ఛార్జి కబురు ముందే పొక్కిందని, తన వాళ్ళు పైకి చెప్పలేక ఇలా గౌరవిస్తున్నారని ఆయన అనుకున్నాడు. "మీ అందరి అభిమానం ఉంటే చాలు, ఎక్కడికి వెళ్ళినా మిమ్మల్ని మరిచిపోను" అన్నాడు నిండు మనసుతో. దాంతో మిగతావాళ్ళకున్న అనుమానం కూడా తీరిపోయింది.

పొద్దు వాలుతుండగా గుమ్మం ముందు జీపు ఆగింది. ఆమె బయటికి వచ్చి చూసేసరికి డ్రైవరు ఒక రెక్క, స్టోర్ కీపరు ఒక రెక్క పట్టుకుని ఆమె భర్తను దింపుతున్నారు. నడవగల మనిషిని ఎందుకు మోస్తున్నారని అడుగుతూ ఆయన దిగుతున్నాడు. వెనకాల భారీ శరీరంతో ఆయాసపడుతూ ఇంజనీరుగారు. స్టోర్ కీపరు చంకలో నల్ల సంచి.

సంచి చూడగానే గుట్టు రట్టయిందనుకుంది ఆమె.

ఇంజనీరుగారు ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నారు. మేస్త్రి లాంటి పనివాడు తన ఉద్యోగంలో ఇంకొకడు తగల్లేదని, ఆయన మంచి కోరే ఒక నిర్ణయానికి వచ్చానని చెప్పారు. కొత్త పంపుహౌసు ఇంకొకరికి ఇస్తున్నారు. మేస్త్రి ఇకమీదట ఆఫీసులో కూర్చుని మీటరు లెక్కలు చూసుకుంటే చాలు.

"నాకేమైంది సార్?" అన్నాడు మేస్త్రి.

స్టోర్ కీపరు సంచిని బల్లమీద పెట్టి తల తిప్పుకున్నాడు. "ముందు అరలో ఉంది మేస్త్రీ. ఆ అర గురి ఎప్పుడన్నా తప్పిందా?"

"నేనెప్పుడు పెట్టాను?"

పెద్ద కిటికీ గది తన కళ్ళముందే మూసుకుపోతుండడం ఆమెకు కనిపించింది. బీరువా మీద జానెడు చోటుకు తొందరపడి గదినే పోగొట్టుకుంది. గది పోతే పోయింది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని, చెవితో మోటారు నాడి పట్టగలవాణ్ణి, తన మూలంగా లెక్కల బల్ల దగ్గర కూర్చోబెడుతున్నారు. ఆమె ముందుకొచ్చింది.

"ఆయన పెట్టలేదండీ. నేను పంపాను. బీరువా మీద తానులు పెట్టుకోవాలని పంపాను. ఆయనకి కొత్త మిషనుంది, ఇది దానికి రిజర్వు. అంతకుమించి ఏమీ లేదు."

నిజం చెప్పినందుకు ఆమెకు దక్కింది జాలి. మొగుడి ఉద్యోగం కోసం ఆ ఇల్లాలు తానుల కథ అల్లుతోందని స్టోర్ కీపరు డ్రైవరు చెవిలో అన్నాడు. "మధ్యాహ్నం ఫోన్లో అంతా చెప్పారు కదా వదినా" అని ఆమెతో మెత్తగా అన్నాడు. మేస్త్రి తన భార్యను, సంచిని, మళ్ళీ భార్యను చూశాడు. ఆయనకు అప్పుడప్పుడే విషయం బోధపడుతోంది. కొత్త మిషను తెచ్చి చూపిస్తానని ఆమె పడగ్గదిలోకి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి గదిలో గురక వినిపిస్తోంది. ఆరోగ్యం ముఖ్యమని చెప్తూ చెప్తూ ఇంజనీరుగారు మాట మధ్యలోనే నిద్రలోకి జారిపోయారు. గడ్డం గుండెమీద వాలింది. గురక పెరిగి పెరిగి, తాడు తెగినట్టు టక్కున ఆగింది. స్టోర్ కీపరు లేచి నిలబడ్డాడు. మేస్త్రి చెయ్యెత్తి ఆగమన్నాడు. మోటారు ముందు నిలబడ్డప్పుడు ఆయన మొహంలో ఉండే శ్రద్ధే ఇప్పుడూ ఉంది. కాసేపటికి ఇంజనీరుగారు నీళ్ళలోంచి పైకి తేలినట్టు బుస్సున ఊపిరి లాగి, మళ్ళీ గుర్రుపెట్టారు.

ఆ నిశ్శబ్దం ఆమెకు కొత్తది కాదు. దానికోసం ఎన్ని రాత్రులు చెవులు రిక్కించి కూర్చుందో ఆమెకే తెలుసు. ఆమె డ్రైవరు వైపు తిరిగి, మధ్యాహ్నం తనను అడిగిన ప్రశ్నే అడిగింది.

"ఎన్నాళ్ళుగా ఇది?"

"నేను చేరినప్పటి నుంచీ ఇంతేనమ్మా. జీపులో సార్ గురక ఆగినప్పుడల్లా ఇంజనే ఆగిందనుకుని హడలి చస్తాను."

మేస్త్రి మెల్లిగా ఇంజనీరుగారి భుజం తట్టి లేపాడు. పొద్దున్నే తలనొప్పి ఉంటుందా, మధ్యాహ్నం మీటింగుల్లో కళ్ళు మూతలు పడతాయా అని ఒక్కొక్కటే అడిగాడు. అన్నింటికీ ఇంజనీరుగారు దొంగ దొరికినట్టు తల ఊపారు. "పంపు బాగానే ఉంది సార్. పైపు మధ్యలో మూసుకుంటోంది. డాక్టరుకి చూపించుకోండి, తేలిగ్గా తేలిపోయే పని" అన్నాడు మేస్త్రి. కొత్త మిషను తగిలించి, ఆ గాలి ఇంజనీరుగారి అరచేతికి తగిలేట్టు పట్టాడు. తర్వాత పాతది కూడా. రెండూ ఒకే తీరున, పసిపిల్లల ఊపిరిలా ఆడుతున్నాయి.

ఇంజనీరుగారు అరచెయ్యి తీయకుండానే అడిగారు. "అయితే ఈ పాతది నేను పట్టుకెళ్ళనా?"

ఆమె అప్పటికే సంచి జిప్పు తీసి పట్టుకుంది.

"కుదరదు సార్. అది నా ఊపిరికి కుదిర్చింది" అన్నాడు మేస్త్రి. ఆమె జిప్పు వేసేసింది.

ఇంజనీరుగారు నవ్వి లేచారు. స్టోర్ కీపరును చూసి, ఊరి నీళ్ళన్నీ ఇన్నాళ్ళూ సగం నిద్రలో ఉన్న తన చేతుల్లో నడిచాయని, సొంత ఊపిరికి కూడా రిజర్వు పెట్టుకునే మనిషిని పట్టుకుని పనికిరాడన్నామని అన్నారు. కొత్త పంపుహౌసు మేస్త్రిదే అని గుమ్మం దగ్గర నిలబడి చెప్పారు. స్టోర్ కీపరు జీపెక్కబోతూ వెనక్కి వచ్చి, "వదినా, మొక్కాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె తిట్ల కోసం సిద్ధపడింది. ఆయన సంచి తీసుకుని, కుర్చీ ఎక్కి, బీరువా మీది తానుల్ని చూసి, మళ్ళీ దిగాడు. సంచిని తన తలగడ పక్కన పెట్టుకున్నాడు. "పంపించేదానివి వెనక అరలో పెట్టమని చెప్పొద్దూ" అన్నాడు. అంతే. ఈ మనిషికి బదులు ఇంకొకరితో సరిపెట్టుకోవడం తనవల్ల కూడా కాదని ఆమెకు అప్పుడు అనిపించింది.

క్వార్టర్లోకి మారిన రోజున పెద్ద కిటికీ గదిలో ఆయన తన చేతులతో ఆమెకోసం గోడంతా అరలు బిగించాడు. రెండు వరసలు. పాలిష్ ఆరాక ఆమె తానులు ఎత్తుకుని వెళ్ళి చూసేసరికి వెనక వరస నిండా రెండేసి సామాన్లు, వాటి మధ్య రెండు నల్ల సంచులు ఉన్నాయి. ఒకటి తెలిసిందే. రెండోది ఎవరిదని అడిగింది.

"సార్‌ది. డాక్టరు చెప్పగానే ఒకేసారి రెండు కొన్నారు. రెండోది ఇంట్లో పెడితే వాళ్ళావిడ ఎక్కడికన్నా పంపించేస్తుందేమోనని భయమట."

ముందు అరలో ఏదన్నా పెట్టే ధైర్యం ఆమెకు లేకపోయింది. తానులు మంచం మీదికి తిరిగి వచ్చాయి.